పిల్లల స్వభావానికి ఆట సాక్ష్యం కాదు

ఆట ఆడించి చూస్తే పిల్లల స్వభావం తెలిసిపోతుందన్న మాట ఇప్పుడు చదువుల లోకంలో ఎదురు లేకుండా చెలామణి అవుతోంది. పిల్లవాడి చేతికి ట్యాబు ఇస్తారు. ఇరవై నిమిషాల పజిల్ ఆట. ఎక్కడ తొందరపడ్డాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఓడాక మళ్ళీ మొదలుపెట్టాడా లేక వదిలేశాడా, తన నాణేలు జట్టులోవాడికి పంచాడా దాచుకున్నాడా అన్నవన్నీ ఆట లోపలే నమోదవుతాయి. చివర తల్లిదండ్రుల చేతికి ఒక రిపోర్టు వస్తుంది: పట్టుదల తక్కువ, సాహసం ఎక్కువ, నాయకత్వం ఒక మోస్తరు. పదేళ్ళ బిడ్డ మీద అంత పెద్ద తీర్పు చెప్పడానికి ఇరవై నిమిషాలు చాలవు. అదే ఆట ఇరవై గంటలు ఆడించినా చాలవు.

ఈ నమ్మకం కంపెనీల అమ్మకపు మాటల్లోనే ఉంటే ఇంత రాయనక్కర లేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డును మార్కులకే పరిమితం చేయకుండా, బిడ్డ ఆలోచన, భావోద్వేగాలు, శారీరక నైపుణ్యాలు అన్నీ కలిపి చూపే సమగ్ర పత్రంగా మార్చమంది. మార్కుల పిచ్చి తగ్గించాలన్న ఆ ఉద్దేశం మంచిదే. కానీ పిల్లల ఎదుగుదలను ఏటేటా గమనించడానికి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ తయారు చేయవచ్చని కూడా ఆ పత్రమే అంది. ఎన్‌సీఈఆర్‌టీ కింద ఏర్పడ్డ పరఖ్ సంస్థ అలాంటి సమగ్ర ప్రోగ్రెస్ కార్డుల నమూనాలు తయారు చేసింది. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ళ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అవి పాఠాల కోసం ఇచ్చిన ట్యాబులు, స్వభావాలు కొలవడానికి ఇచ్చినవి కావు. అయినా ఒకసారి ట్యాబు బడి సంచిలోకి వచ్చాక, పాఠం నేర్పే ఆటకూ బిడ్డను బేరీజు వేసే ఆటకూ మధ్య గోడ పలచబడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ గోడను ఇప్పుడే గట్టి చేసుకోకపోతే మిగతా అందరికంటే ఎక్కువ నష్టపోయేది మన పిల్లలే. ఎందుకో చెబుతాను.

ముందుగా అవతలివాళ్ళ వాదన దాని బలమంతటితో వినాలి. ప్రశ్నపత్రం ఇచ్చి "నువ్వు ఓర్పు గలవాడివా" అని అడిగితే ఏ పిల్లవాడైనా మాస్టారికి నచ్చే జవాబే రాస్తాడు. ఆటలో ఆ జాగ్రత్త ఉండదు, పరీక్ష అన్న భయం ఉండదు, చేసేది సహజంగా చేస్తాడు. అమెరికాలో వాలరీ షూట్ అనే విద్యా మనస్తత్వవేత్త చాలా ఏళ్ళు ఈ పద్ధతి మీద పనిచేశారు. భౌతికశాస్త్రం నేర్పే ఆటలో పిల్లలకు తెలియకుండానే వాళ్ళ అవగాహననూ, పట్టు వదలని తీరునూ అంచనా వేయవచ్చని ఆమె బృందం చూపింది. అది ఒళ్ళు దాచుకోకుండా చేసిన పరిశోధన, దాన్ని తీసిపారేయను. ఆ ఆటలో, ఆ పజిళ్ళ ముందు ఎవరు ఎంతసేపు నిలబడ్డారో అది నిజంగానే చెబుతుంది. అక్కడి నుంచి "వీడు పట్టుదల లేనివాడు" అన్న వాక్యానికి దూకడం దగ్గరే నా అభ్యంతరమంతా.

అలా దూకడం ఎంత ప్రమాదమో తెలిసి వంద సంవత్సరాలు కావస్తోంది. 1920లలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పది వేల మందికి పైగా పిల్లల మీద నిజాయితీని పరీక్షించారు. వాళ్ళ పరిశోధన 1928లో పుస్తకంగా మొదలై మూడు సంపుటాలుగా వచ్చింది. పిల్లలకు అనుమానం రాకుండా రకరకాల సందర్భాలు కల్పించారు: తరగతిలో పరీక్ష, ఇంటిపని, వ్యాయామ పోటీలో తన స్కోరు తనే చెప్పుకోవడం, కళ్ళకు గంతలు కట్టి ఆడించే పార్టీ ఆటలు. గంతల కింద నుంచి తొంగి చూసేవాళ్ళు పరీక్షలో కూడా కాపీ కొడతారా? తరగతిలో నిజాయితీగా ఉన్నవాడు ఆటస్థలంలో కూడా అలాగే ఉంటాడా? చాలావరకు లేదు. రెండు సందర్భాల మధ్య పొత్తు పూర్తిగా కుదిరితే 1, అసలు కుదరకపోతే 0 అనుకుంటే, వాళ్ళకు సగటున దొరికింది 0.23 దగ్గర. కోతికొమ్మచ్చిలో దొంగాట ఆడిన పిల్ల లెక్కల పరీక్షలో పక్క పేపరు చూస్తుందని చెప్పడానికి ఆ అంకె చాలదు.

తరవాతి పరిశోధకులు అదే సమాచారాన్ని తిరగదోడి, అడుగున సన్నని దారంలాంటి స్థిరత్వం ఒకటి ఉందన్నారు. మనిషికి స్వభావమే లేదనడం నా వాదన కాదు కనక ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ దారం కనిపించాలంటే ఒకే బిడ్డను పలు చోట్ల, పలు పనుల్లో, పలు రోజుల్లో చూడాలని కూడా వాళ్ళే చెప్పారు. ఒక ఆట అంటే ఒక చోటు. దాన్ని వందసార్లు ఆడించినా ఒక చోటే.

మన ఊళ్ళలో ఇది కళ్ళముందే కనిపిస్తుంది. తరగతిలో లేపి నిలబెడితే నోరు పెగలని కుర్రాడు చెడుగుడు బరిలో జట్టు మొత్తాన్ని నడిపిస్తాడు. వామనగుంటల్లో గింజ గింజా లెక్కపెట్టి అవతలివాళ్ళను ముప్పుతిప్పలు పెట్టే పిల్ల ఎక్కాల దగ్గర బెదిరిపోతుంది. పులీమేకాలో మేకల వైపు కూర్చుంటే ఒద్దికగా, పులి వైపు కూర్చుంటే దూకుడుగా ఆడేది ఒకే పిల్లవాడు. పులి ఆట పులిలా ఆడిస్తుంది, మేక ఆట మేకలా ఆడిస్తుంది. ఆట నియమాలు కోరిన గుణాన్ని పిల్లవాడు కాసేపు ధరిస్తాడు. పాత్రధారి వేసిన వేషాన్ని అతని నైజమని రాసుకుంటే ఎంత తప్పో ఇదీ అంతే.

ఆటగాళ్ళను రకాలుగా విడదీసే మాటలు ఇప్పుడు టీచర్ల శిక్షణ పాఠాల దాకా వచ్చాయి కనక వాటి పుట్టుక కూడా చెప్పాలి. సాధకులు, అన్వేషకులు, స్నేహశీలురు, తోటివాళ్ళ మీద పడేవాళ్ళు అన్న నాలుగు రకాల విభజన 1996లో రిచర్డ్ బార్టిల్ అనే ఆంగ్లేయుడి వ్యాసం నుంచి వచ్చింది. అక్షరాలతోనే నడిచే ఒక తరహా ఆన్‌లైన్ ఆటను ఇష్టపడి ఆడేవాళ్ళు అందులో ఏం కోరుకుంటారో చర్చించి ఆయన దాన్ని రాశాడు. ఇష్టపడి చేరిన ఆటగాళ్ళను చూసి చేసిన విభజనను తెచ్చి, మాస్టారు ఆడమంటే ఆడుతున్న బూర్జ మండలం ఆరో తరగతి పిల్లలకు తగిలించడానికి ఏ ఆధారమూ లేదు.

ఓర్పు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలన్నీ ముందుగా కొలుస్తామనేది దాన్నే. దీని మూలం అందరికీ తెలిసిన ప్రయోగం. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ 1960ల చివర నర్సరీ పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తానన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తరవాత తేలింది. ప్రపంచమంతా ఆ కథను పట్టుకుని ఓర్పే విజయానికి తాళంచెవి అంది. ఆ పిల్లలు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని నర్సరీలో చదివేవాళ్ళు. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అంతకంటే చాలా ఎక్కువ మంది పిల్లల వివరాలు, అందులో కాలేజీ డిగ్రీ లేని తల్లుల పిల్లల వివరాలు కూడా తీసుకుని చూశారు. పాత ఫలితం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన సగంలోనూ చాలా భాగం కరిగిపోయింది.

అంతకు ముందే 2013లో సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలి బృందం ఇంకా సూటిగా చూపింది. చిన్నపిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందుగా మంచి రంగులు తెస్తామని చెప్పి నిజంగా తెచ్చారు. రెండో గుంపుకు తెస్తామని చెప్పి తేలేదు. ఆ తరవాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దల దగ్గర మూడు నిమిషాలు. అంటే మనం ఓర్పు అని పేరు పెట్టినదానిలో ఎంతో భాగం ఎదుటి లోకం మీద బిడ్డకున్న నమ్మకమే.

ఇప్పుడు ఆ ఆటను శ్రీకాకుళం తీరానికి తీసుకువెళ్ళండి. ఇక్కడ మత్స్యకార కుటుంబాల మగవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు పడవల మీద కూలికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సుమారు ఇరవై మంది సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్ బలగాలకు పట్టుబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. అంతకు ఒక నెల ముందే, 2018 అక్టోబరులో, తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. కాయ కోతకు వచ్చేదాకా ఆగుదామనుకున్న ఇళ్ళకు ఒక్క రాత్రిలో చెట్టే లేకుండా పోయింది. అక్కడి నుంచీ, విజయనగరం మెట్ట మండలాల నుంచీ హైదరాబాదు, చెన్నై భవనాల పనులకు వెళ్ళేవాళ్ళ పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండి చదువుకుంటారు. పండక్కి వస్తానన్న అయ్య పండక్కి రాడు. ఆ ఇంటి బిడ్డ ట్యాబు ఆటలో "రెండు నిమిషాలు ఆగితే రెట్టింపు నాణేలు" అన్న చోట ఆగకుండా ఉన్న నాణేలు తీసేసుకుంటే, ఆ బిడ్డ లెక్క సరైనదే. చేతిలో ఉన్నది తీసుకోవడం తన అనుభవం నేర్పిన తెలివి. రిపోర్టు మాత్రం ఓర్పు తక్కువ అంటుంది. ఒక జిల్లా పేదరికాన్నీ, ఎడబాటునూ, తుపానునూ తీసుకువచ్చి ఒక పసివాడి గుణంగా రాసిపెట్టడం అన్యాయం. ఇంతకంటే మెత్తని మాట నా దగ్గర లేదు.

భాష సంగతి దీనికి తోడు. ఈ ఆటల సూచనలు ఇంగ్లీషులోనో, టీవీ వార్తల తెలుగులోనో వస్తాయి. మన పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు అది కాదు. తెర మీద సూచన వచ్చాక పక్కవాడి వైపు తిరిగి "ఏటి సెయ్యమంతంది రా?" అని అడిగి, నొక్కితే ఏటవుతాదో అని వేలు వెనక్కి తీసుకున్న ఆ నాలుగు సెకన్లను యంత్రం లెక్కపెడుతుంది. దానికి సందేహం, ఆత్మవిశ్వాసం తక్కువ అని పేరు పెడుతుంది. ఇంట్లో సొంత ఫోను ఉండి రోజూ ఆటలాడే పట్నం పిల్లకు ఆ నాలుగు సెకన్లు పట్టవు. ఆమెకు ఎక్కువగా ఉన్నది అలవాటు. సీతంపేట కొండల మీద సవర బిడ్డకైతే తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది.

భాష తెలియకపోవడాన్ని గుణంగా రాయకూడదన్న పాఠం మనకు కొత్తదేమీ కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు సవరలకు చదువు రాదన్నది చుట్టూ అందరికీ తెలిసిన నిజంగా ఉండేది. ఆయన ఆ నిజాన్ని ఒప్పుకోలేదు. సవర మాట్లాడేవాళ్ళను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టించాడు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ పిల్లల మౌనాన్ని చూసి మందబుద్ధి అనకుండా, తనకే వాళ్ళ మాట తెలియదని గ్రహించడంలో ఉంది ఆయన గొప్పతనం. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు సవర కూడా అందులో ఉంది. అంత దూరం నడిచాక ఇప్పుడు మళ్ళీ మౌనాన్ని గుణంగా రాసే పనిముట్లు తెచ్చుకుంటామా?

ఇక్కడ ఒక మాట ఎదురొస్తుందని తెలుసు, దాన్ని తప్పించుకోను. మాస్టారు మాత్రం పిల్లల్ని న్యాయంగా చూస్తారా? పేరు వినగానే ఏ పేట పిల్లవాడో తెలుసుకుని, మొదటిరోజే వెనక బెంచీ చూపించిన పంతుళ్ళు మన జిల్లాల్లో లేరా? ఉన్నారు. మొద్దు, సోమరి, పొగరుబోతు అన్న ముద్రలు ట్యాబు రాకముందే మన బడుల్లో ఉన్నాయి, వాటికి కులం రంగు ఉంది. యంత్రానికి కులం తెలియదు కదా, అది నయం కదా అని మంచివాళ్ళే అడుగుతున్నారు. ఈ వ్యతిరేక వాదాలన్నిటిలో నాకు గౌరవం ఉన్నది దీని మీదే.

యంత్రానికి కులం పేరు తెలియదు, నిజమే. కానీ కులం మన ఊళ్ళలో పేరు దగ్గర ఆగదు. ఇంట్లో కరెంటు ఎన్ని గంటలుంటుంది, ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, అమ్మ చదివిందా, బిడ్డ బడికి వచ్చేముందు ఎన్ని బిందెల నీళ్ళు మోసింది, పొద్దున తిన్నదా లేదా, వీటన్నిటిలో కులం ఉంది. ఆ తేడాలు వేలి కదలికల్లోకి వస్తాయి, వేలి కదలికల నుంచి అంకెల్లోకి వస్తాయి. పంతులు పక్షపాతమైతే తల్లి వెళ్ళి నిలదీయవచ్చు, ఊరు అడగవచ్చు, ఎంఈఓకు అర్జీ పెట్టవచ్చు. రిపోర్టులో అంకెను ఎవరు నిలదీస్తారు? "కంప్యూటరే చెప్పిందమ్మా" అంటే ఆ తల్లి తల వంచుకుని వెళ్ళిపోతుంది. పాత ముద్రకు కొత్త అధికారం దొరుకుతుంది. పక్షపాతం ఉన్న పంతులును మార్చాలి, శిక్షణ ఇవ్వాలి, అవసరమైతే శిక్షించాలి. అతని ముద్రను అంకెలుగా మార్చి ఇవ్వడం దానికి మందు కాదు.

ముద్ర పడ్డాక ఏమవుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి. పదో తరగతి అయ్యాక ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్న నిర్ణయం మన దగ్గర చాలా ఇళ్ళలో రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. ఆ సమయంలో చేతిలో "విశ్లేషణ శక్తి తక్కువ, స్నేహశీలి" అన్న కాగితం ఉంటే లెక్కల మీద ఇష్టమున్న పిల్ల నోరెత్తదు. వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివితేటలు చెబుతామన్న పరీక్షలు కొన్నేళ్ళుగా పట్టణాల్లో డబ్బు చేసుకున్నాయి. అవి అశాస్త్రీయమని భారత మానసిక వైద్యుల సంఘమే ప్రకటించాల్సి వచ్చింది. ఆట పేరుతో వచ్చే స్వభావ రిపోర్టు వాటికంటే మర్యాదగా కనిపిస్తుంది, రంగుల గ్రాఫులు ఉంటాయి. తల్లిదండ్రుల ఆందోళనను సొమ్ము చేసుకోవడంలో మాత్రం రెండూ ఒకటే.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఏ వడపోత పరీక్షా పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరవాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. చేరిక రోజున "ఊరికే ఆటే కదండీ, పాపను బాగా అర్థం చేసుకోవడానికి" అంటూ ట్యాబు ముందు కూర్చోబెట్టి, ఆ ఫలితం చూసి సీటో సెక్షనో నిర్ణయించే బడి ఆ నిషేధాన్ని పక్కదారిన దాటుతోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళ ప్రవర్తనను వెన్నాడి నమోదు చేయడాన్ని నిషేధించింది. అయితే 2025 నిబంధనల్లో విద్యాసంస్థలకు చదువు పనుల మేరకు మినహాయింపు దొరికింది. ఆ సందులోంచి ఏవేవి దూరతాయో ఇప్పుడే చూసుకోవాలి. ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి బడుల్లో యంత్రాలతో పిల్లల భావోద్వేగాలను పసిగట్టడాన్ని చట్టంతో ఆపింది. అక్కడి పిల్లలకు ఉన్న రక్షణ సాలూరు పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

సమాచారం ఎక్కడికి పోతుందన్నది మరో ప్రశ్న. మన ట్యాబుల్లో పాఠాలు నింపి ఇచ్చిన బైజూస్ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. నిన్నటి దాకా కొండంత కనిపించిన కంపెనీకే ఆ గతి పట్టినప్పుడు, చిన్నా చితకా కంపెనీ ఒకటి మూతపడితే దాని దగ్గరున్న పిల్లల స్వభావ పత్రాలు ఎవరి చేతికి వెళ్తాయి? పన్నెండేళ్ళప్పుడు ఆటలో చిరాకుపడ్డ పిల్లవాడు పాతికేళ్ళకు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆ చిరాకు ఇంకా ఎక్కడో నమోదై ఉండటం ఏ తల్లి ఒప్పుకుంటుంది?

ఇంత చెప్పి నేను ఆటలకు వ్యతిరేకినని ఎవరూ అనుకోవద్దు. బడిలో ఆట ఉండాలి, ఇప్పుడున్నదానికి పది రెట్లు ఉండాలి. యంత్రం కూడా తన పనిలో బాగా పనికొస్తుంది. దిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెజాండ్రో గనీమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లో పేద పిల్లలు లెక్కల్లో, హిందీలో చెప్పుకోదగ్గ ముందడుగు వేశారు. ఏడో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి లెక్క దగ్గర చిక్కు ఉందని ఆ యంత్రం కనిపెట్టింది, అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఫలితమంతా అందులోనే ఉంది. భిన్నాల కూడికలో చిక్కు ఉందనడం పాఠం గురించిన మాట. దాన్ని రేపు దిద్దవచ్చు, దిద్దితే చెరిపేయవచ్చు. పట్టుదల లేదనడం మనిషి గురించిన మాట. దాన్ని ఎవరు ఎప్పుడు చెరుపుతారు? ప్రభుత్వ బడుల్లో ట్యాబుల మీద స్థాయికి తగ్గ పాఠాలు చెప్పే ప్రయత్నాలు మన రాష్ట్రంలోనూ జరిగాయి. అవి పాఠం దగ్గరే ఆగాలి.

పనిని పనితోనే చూడటం మన విజయనగరానికి తెలిసిన విద్య. 1919లో ఇక్కడ సంగీత పాఠశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి అధ్యక్షుడు. చూపు సరిగా లేని ఇరవై ఆరేళ్ళ ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విన్న దాసుగారు అధ్యాపకుడిగా పెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. విన్నది వయొలిన్, తేల్చింది వయొలిన్ గురించి.

దానికంటే కూడా నాకు నమ్మకం ఇచ్చే ఉదాహరణ నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ. ఆ చిన్న ఊరు వెయిట్‌లిఫ్టర్లను, ముఖ్యంగా ఆడపిల్లల్ని, దేశానికి ఇచ్చింది. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఈ రెండు ఊళ్ళ పిల్లల్లో బరువులెత్తే స్వభావం విడిగా పుట్టలేదు. ఊళ్ళో ఇనుప కడ్డీ ఉంది, ఎత్తడం నేర్పే పెద్దలు ఉన్నారు, ముందు ఎత్తిన అక్కలు ఉన్నారు. అవకాశం ముందు వచ్చింది, పట్టుదల దాని వెనక కనిపించింది. ఆ కడ్డీ పట్టుకోకముందే ఆ పిల్లల పట్టుదలను ట్యాబులో కొలిచి, తక్కువ వచ్చినవాళ్ళను వెనక్కి పంపి ఉంటే ఎవరెవరు ఆగిపోయేవారో ఊహించుకోండి. మన జిల్లాల్లో ఇంకా కడ్డీ దొరకని ఊళ్ళు వందలు ఉన్నాయి. స్వభావ పరీక్షలకు పెట్టే డబ్బు ఆటస్థలానికీ, వ్యాయామ ఉపాధ్యాయుడికీ, గ్రంథాలయానికీ పెడితే పిల్లల గుణాలు వాటంతటవే నాలుగు వైపులా కనిపిస్తాయి.

బిడ్డను తెలుసుకోవద్దా అంటే, తప్పక తెలుసుకోవాలి. తెలుసుకోవడానికి ఒక ఏడాది కలిసి ఉండాలి. తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే పక్కన నిలబడాలి, వీలైతే తనూ ఆడాలి. బడికి రాని రోజున ఇంటికి వెళ్ళాలి. నిన్న ఎందుకు అలిగావని అడగాలి, చెప్పింది నమ్మాలి, రేపు మారితే మారనివ్వాలి. ఇది చేయాలంటే ఒక టీచరుకు ఐదు తరగతులు అప్పగించిన ఏకోపాధ్యాయ బడులు పోవాలి, రోజులో సగం యాప్‌లలో హాజరూ భోజనం ఫోటోలూ ఎక్కించే పని టీచర్ల నెత్తి మీద నుంచి తీయాలి. పిల్లల్ని గమనించే తీరిక లేకుండా చేసి, గమనించడానికి యంత్రం కొనిపెడతామనడం ఏ ప్రభుత్వానికీ తగదు, ఎవరు అధికారంలో ఉన్నా సరే.

2024 డిసెంబరు నుంచి మన ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రులూ టీచర్లూ కలిసే మెగా సమావేశాలు జరుగుతున్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు ఇవి కూడా అడగండి. మా బిడ్డ ట్యాబులో ఆడిన ఆటల నుంచి ఏమేమి నమోదు చేస్తున్నారు? అది ఎవరి దగ్గర ఉంటుంది, ఎంత కాలం ఉంటుంది? బిడ్డ గుణం గురించి ఎక్కడైనా ఒక్క వాక్యం రాశారా? రాసి ఉంటే కొట్టేయమనండి. ప్రైవేటు బడిలో చేర్చేటప్పుడు స్వభావ పరీక్షకు ఒప్పుకుంటున్నామన్న కాగితం ఇస్తే సంతకం పెట్టకండి, 13వ సెక్షన్ పేరు చెప్పండి. అప్పటికీ వినకపోతే డీఈఓ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.